నాలుగు వందల పన్నెండు పేర్లు

తులసీరాం రాజమండ్రిలో తెలుగు లెక్చరరు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచీ నిండా పుస్తకాలు మోసుకుని, పొద్దున్న తొమ్మిదింటికల్లా కాకినాడలో సువర్చల ఇంటి గేటు తీశాడు. సువర్చల నాలుగు సైన్స్ ఫిక్షన్ నవలలు రాసింది. ఆ నాలుగింటిలోనూ కలిపి ఒక్క మనిషికి పేరు లేదు. చంద్రుడి మీద నీళ్ళు మోసే ఆవిడ, గాజు ఊరికి కాపలా కాసే ముసలాయన, గాలి అమ్ముకునేవాడు, వాడి తమ్ముడు. అంతే. ఎందుకలా అన్నదాని మీద తులసీరాం ఐదేళ్ళుగా పరిశోధన చేస్తున్నాడు. ఆ ఐదేళ్ళలో పెళ్ళి చేసుకున్నాడు, ఇల్లు కట్టాడు, ప్రశ్న మాత్రం తేలలేదు.

సువర్చల భర్త సోమశేఖరం కిటికీ పక్కన కుర్చీలో పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు. మెదడు మీద పరిశోధన చేసి రెండేళ్ళ క్రితం రిటైరైన శాస్త్రవేత్త ఆయన. భార్య పుస్తకాల గురించి మాట్లాడటానికి ఎవరైనా వస్తే ఆ గదిలోంచి కదిలేవాడు కాదు. వచ్చినవాళ్ళు అది ప్రేమ అనుకుని ముచ్చటపడేవారు. నిజానికి అది భయం.

"మేడమ్ గారూ, రాబోయే కాలంలో మనిషి ఒట్టి అంకె అయిపోతాడని చెప్పడానికే మీరు పేర్లు తీసేశారని మా గైడు గారంటారండి," అన్నాడు తులసీరాం. "నాకది అంతగా ఎక్కలేదు. పేరంటూ ఉంటే వాడు ఫలానా ఊరివాడు, ఫలానా కులంవాడు అని పాఠకుడు పక్కకి జరిగిపోతాడు. పేరు లేకపోతే తనే ఆ చొక్కా తొడుక్కుంటాడు. నేను రాసుకున్నది ఇదండి."

"బావుందండీ," అంది సువర్చల.

"ఇంకో మాట కూడా ఉందండి. ఇలాంటి కథల్లో అసలు హీరో ఆ యంత్రమే కదా. మనిషికి పేరు పెడితే చూపంతా మనిషి మీదికి పోతుందని..."

"మా మనుషులు మరీ అంత తీసిపారేసేవాళ్ళా బాబూ?" అని సువర్చల నవ్వింది. ఆ నవ్వులో కల్మషం లేదు. "నాకంత ఆలోచన ఎక్కడిదండీ. మొదటి నవలకి పేర్లు పెట్టే రాశాను. మావారు చూసి, పేర్లెందుకు, తీసెయ్, కొత్తగా ఉంటుంది అన్నారు. తీసేశాను. అంతే."

తులసీరాం కలం ఆగింది. ఐదేళ్ళ చదువు కళ్ళముందే చాప చుట్టేసుకుంటున్నా పాపం ఉత్సాహం తగ్గలేదు. కుర్చీతో సహా కిటికీ వైపు తిరిగాడు.

"సార్! ఎందుకిచ్చారండీ ఆ సలహా?"

సోమశేఖరం పేపరు మడిచాడు. ఏదో తోచిందండీ, అంత గుర్తులేదండీ అన్నాడు. తులసీరాం వదల్లేదు. వచ్చేనెల సదస్సులో మీరే మాట్లాడాలి సార్, తెలుగులో పేరులేని పాత్రలకి మూలపురుషులు మీరేనని నా పుస్తకం మొదటి అధ్యాయంలో రాస్తాను అన్నాడు. సువర్చల గర్వంగా భర్త వైపు చూసింది. ఆ చూపుకి ఆయన తల దించుకున్నాడు.

తులసీరాం వెళ్ళిపోయాక సోమశేఖరం పెరట్లోకి పోయి కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. మురికేమీ లేదు. పద్నాలుగేళ్ళుగా దాచిన సంగతిని రేపు ఒక అమాయకుడు పుస్తకంలో ఘనకార్యంగా రాయబోతున్నాడు. దాన్ని చదివి సువర్చల మళ్ళీ అలాగే గర్వంగా చూస్తుంది. అంతకన్నా శిక్ష ఏముంటుంది?

వాళ్ళకి ఒక కూతురు ఉండేది. బారసాల నాడు సోమశేఖరం పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో 'సీతారత్నం' అని రాశాడు. అది అంతకుముందు ఏడాదే పోయిన ఆయన తల్లి పేరు. సువర్చలకి ఆ పేరు మీద కోపమేమీ లేదు. కానీ అత్తగారి పేరు కోడలు నోటితో అనకూడదు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, ఎక్కడా రాసి ఉండదు, అయినా నోరు రాదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ అనని పేరుని, ఆవిడ పోయాక సొంత కూతుర్ని పట్టుకుని, "ఒసే, అన్నం తిందువుగాని రా" అంటూ ఎలా పిలుస్తుంది? ఈ చిక్కుని తల్లీ కూతుళ్ళు ఎలా తప్పించుకున్నారో సోమశేఖరానికి తెలియదు. తెలుసుకోవాలంటే ఇంట్లో ఉండాలి కదా.

ఆయన ఉండేది ల్యాబులో. సముద్రం ఒడ్డుకి దగ్గర్లో ఒక పరిశోధనాలయం, అందులో రెండో అంతస్తు. అక్కడ ఆయన ఒక గొప్ప సంగతి పట్టుకున్నాడు. మనం ఒక మనిషిని ఒకేచోట గుర్తుపెట్టుకోం. మొహం ఒకచోట, గొంతు ఇంకోచోట, అన్నం పెట్టిన చెయ్యి, తిట్టిన తిట్టు వేరే వేరేచోట్ల ఉంటాయి. పేరు వినపడగానే అవన్నీ లేచి ఒక్కచోటికి చేరతాయి. అలా చేరిన కొద్ది నిమిషాలూ ఆ ముడి మెత్తగా ఉంటుంది. అప్పుడు తలకి పెట్టిన టోపీలోంచి సన్నగా అయస్కాంత తాకిడి ఇస్తే, ముడి మళ్ళీ బిగుసుకోదు. జ్ఞాపకాలు ఎక్కడివక్కడే ఉంటాయి, ఒక్కసారిగా వచ్చి మీద పడటం మాత్రం మానేస్తాయి.

మొట్టమొదట వచ్చిన రోగి రిటైరైన రైల్వే గార్డు. భార్య పోయి మూడేళ్ళయినా ఆవిడ పేరు వినపడితే చాలు, చెట్టంత మనిషి నేలమీద కూలబడిపోయేవాడు. ఎనిమిది సార్లు టోపీ పెట్టారు. తొమ్మిదోసారి ఆ పేరు వినిపించి, ఎవరండీ అని అడిగితే, "మా ఆవిడండి. మంచిది," అని, "కాఫీ ఏమన్నా దొరుకుతుందాండీ?" అన్నాడు. ల్యాబంతా చప్పట్లు కొట్టింది. టెక్నీషియన్ ఎస్తేరు ఒక్కతే కొట్టలేదు.

"ఏం ఎస్తేరూ, సంతోషంగా లేదా?" అన్నాడు సోమశేఖరం.

"కాఫీ అడిగాడు కదండీ సార్," అంది ఎస్తేరు. ఆ మాటకి అర్థమేమిటో ఆయన అప్పుడు ఆలోచించలేదు.

పదకొండు మందికి అలాగే నయం చేశారు. ఆ రోజుల్లోనే సీతారత్నానికి మెదడువాపు జ్వరం వచ్చింది. నాలుగే రోజులు. తొమ్మిదేళ్ళ పిల్ల. మెదడు గురించి దేశమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చిన తండ్రి ఆసుపత్రి వరండాలో ఉత్త చేతులతో నిలబడ్డాడు.

పిల్ల పోయిన పదిహేనో రోజున ఆయన ల్యాబుకి వెళ్ళిపోయాడు. సువర్చలకి వెళ్ళడానికి ఏ చోటూ లేదు. మంచం దిగేది కాదు. ముద్ద నోట్లో పెడితే అలాగే బుగ్గన ఉండిపోయేది. ఎనిమిది నెలలు గడిచేసరికి చెయ్యి పట్టుకుంటే ఎముక తగిలేది. ఇంటికి వస్తే దీపం ఉండదు, మాట ఉండదు. ఆ నిశ్శబ్దం ఆయన భరించలేకపోయాడు. ఆమె కోసం చేశాడా, తన కోసం చేశాడా అని తరవాత చాలాసార్లు తనని తాను అడిగాడు. రెండోదే నిజమని ఇప్పుడాయనకి తెలుసు.

"నిద్ర పట్టడానికి ఒక వైద్యం ఉంది, ల్యాబుకి రా," అన్నాడు. ఆమె వచ్చింది. రిజిస్టరులో పేరు రాయలేదు. టోపీ పెట్టి, తన గొంతుతోనే 'సీతారత్నం' అని వినిపించాడు. తెర మీద ఏ వెలుగూ రాలేదు. మళ్ళీ వినిపించాడు. ఏమీ లేదు. మిషను పాడైందనుకున్నాడు. ఇంతలో కింద వరండాలో ఎవరో ఊడ్చే మనిషిని "పోలమ్మా!" అని కేకేశారు. తెరంతా భగ్గుమంది.

సోమశేఖరం టోపీ తీసి, "పోలమ్మ ఎవరు?" అని అడిగాడు.

సువర్చల మొహంలోకి ఎనిమిది నెలల తర్వాత కాస్త నెత్తురొచ్చింది. "మనమ్మాయేనండీ. ఒకరోజు పోలమ్మ. నేను మీ అమ్మగారి పేరు అనలేను కదా, అందుకని రోజూ లేవగానే అదే ఒక పేరు పెట్టుకునేది. బళ్ళో హాజరు పట్టీలోంచి, కొట్ల బోర్డుల మీంచి, ఎక్కడ నచ్చితే అక్కడ్నుంచి. ఆ రోజంతా నేను అలాగే పిలవాలి. మర్చిపోయి ఇంకోలా పిలిస్తే పలికేది కాదు. ఒకరోజు సామర్లకోట అని పెట్టుకుందండీ! స్టేషన్లో బోర్డు చూసి!"

ఆమె చెబుతూనే ఉంది. కూతురి గురించి మొగుడు నోరు తెరిచి అడగడం అదే మొదలు. ఇన్నాళ్ళకి వినడానికి ఒక మనిషి దొరికాడని పొంగిపోయి చెప్పింది. అలా రోజూ వచ్చి, టోపీ కింద కూర్చుని, నవ్వుతూ, మధ్యమధ్య కళ్ళు తుడుచుకుంటూ ఒక్కో పేరే తవ్వి తీసి చెప్పింది. సోమశేఖరం కథ వినలేదు. పేర్లు విన్నాడు. ఆమె చెప్పిన పేరునల్లా ఆ సాయంత్రమే మిషనుకి ఎక్కించి, ఆ ముడి సడలించేశాడు.

మొదటి వారం ఎస్తేరు అడ్డుపడింది. "సార్, మిగతావాళ్ళకి ఒక్క పేరేనండి. ఈవిడకి లోకంలో ఉన్న పేర్లన్నీ ఆ పాపే. ఇన్ని తీసేస్తే పేరన్నదే అతుక్కోదేమోనండి. ఆగుదాం సార్."

"తను తింటోంది చూశావా? నిన్న రెండోసారి అన్నం పెట్టించుకుంది," అన్నాడాయన.

ఏడు వారాల్లో నాలుగు వందల పన్నెండు పేర్లయ్యాయి. చివరి రోజు సువర్చల చెప్పడానికేమీ లేక ఊరికే కూర్చుంది. తరవాత ఇంటికెళ్ళి దీపం పెట్టింది, పప్పుచారు కాచింది. సోమశేఖరం ఆ రాత్రి పసిపిల్లాడిలా నిద్రపోయాడు.

జరిగిన నష్టం నాలుగు నెలలదాకా బయటపడలేదు. మన ఇళ్ళలో పేర్లు అనకుండానే బతికేయొచ్చు. పక్కింటావిడ పిన్నిగారు, పాలు పోసేవాడు బాబు, ఆడపడుచు వదిన, అందరూ వరసలే. మొగుణ్ణి ఏవండీ అంటే సరిపోతుంది. భార్యకి మొగుడి పేరు కూడా గుర్తులేదని సోమశేఖరానికి ఎలా తెలుస్తుంది? ఆమె ఏనాడూ ఆ పేరు పెట్టి పిలిచింది లేదు.

కాలక్షేపానికి ఆమె నవల మొదలుపెట్టింది. చంద్రుడి మీద నీళ్ళు మోసే ఒకావిడ కథ. ఒకరోజు కాగితాలు పట్టుకొచ్చి, "ఏవండీ, ఇందులో కామాక్షి అని రాసుంది, ఎవరీ మనిషి?" అంది. నిన్న తనే రాసిన పేరు. నీళ్ళావిడ పేరు. ఆయన ఆ కాగితాలు అందుకున్నాడు. పరీక్షగా నాలుగు పేర్లు చెప్పి చూశాడు. చెప్పినంతసేపు ఉండి, తెల్లారేసరికి జారిపోయాయి. గోడమీద కూతురి ఫోటో చూపించాడు. "మనమ్మాయి, పోయింది పాపం," అంది. పక్కింట్లో ఎవరో పోతే అన్నట్టుంది ఆ గొంతు. ఆ పిల్ల రోజుకో పేరు పెట్టుకునేదన్న సంగతే ఆమెకి గుర్తులేదు.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్తే మళ్ళీ మంచం పడుతుందని తనకి తను నచ్చజెప్పుకున్నాడు. దెబ్బతిన్న మనసు కదా, కొన్నాళ్ళు ఇలాగే ఉంటుంది అన్నాడు ఆమెతో. ఆ ఊపులోనే, "పేర్లెందుకు, తీసెయ్. కొత్తగా ఉంటుంది," అన్నాడు. నవల అచ్చయింది. విమర్శకులు మెచ్చుకున్నారు. ప్రాజెక్టు మూసేస్తున్నానని ఆఫీసుకి ఒక కాగితం రాసిచ్చి, కారణం గడి ఖాళీగా వదిలేశాడు.

కుళాయి కట్టేసి సోమశేఖరం లోపలికొచ్చాడు. సువర్చల వంటింట్లో బెండకాయలు తరుగుతోంది. పీట లాక్కుని ఎదురుగా కూర్చుని, మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. ఎక్కడా తనని వెనకేసుకురాలేదు. ఆమె వింటూ వింటూ తరగడం ఆపేసింది. కత్తిపీట పక్కకి జరిపి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఎన్ని పేర్లన్నారు?"

"నాలుగు వందల పన్నెండు."

"అన్నీ నేనే చెప్పానా?"

"నువ్వే."

"ఎలా చెప్పాను? ఏడుస్తూనా?"

"నవ్వుతూ," అన్నాడు. "నేను దాని గురించి అడుగుతున్నానని నీకు సంతోషంగా ఉండేది."

సువర్చల తరిగిన బెండకాయల మీద మూత పెట్టింది. తరవాత ఆమె మాట్లాడిన మాటల్లో కోపం ఉంది, కానీ గొంతు పెరగలేదు. "నా ఏడుపు నన్ను ఏడవనివ్వలేదన్నమాట. మీకు ఇంట్లో దీపం పెట్టే మనిషి కావలసొచ్చింది. అంతేనా?"

"అంతే."

"పద్నాలుగేళ్ళనించీ ఆ ఫోటోకి దండ వేస్తున్నానండీ. వేసిన ప్రతిసారీ అనుకుంటాను, కన్నతల్లిని కదా, ఎందుకు నాకేమీ అవడం లేదూ అని. నా మనసే మంచిది కాదేమోనని ఎన్ని దండాలు పెట్టుకున్నానో మీకు తెలీదు. ఎవరికి చెప్పుకోను?" అని ఆగింది. "తిరిగి కట్టడం కుదురుతుందా?"

"పద్ధతి కాగితం మీద ఉంది. ఆ పేర్లే మళ్ళీ వినిపించి, తాకిడి తిరగేసి ఇవ్వాలి. ఎవరి మీదా చేసి చూడలేదు. కుదిరితే మాత్రం ఆనాటి దుఃఖమంతా ఒక్కసారే మళ్ళీ వస్తుంది సువర్చలా. మెల్లగా రాదు."

"రానివ్వండి. అది నాది. నాది నాకిచ్చెయ్యండి," అంది.

ఎస్తేరు ఇప్పుడు ఆ విభాగానికి అధికారి. సోమశేఖరం ఫోన్ చేసి సంగతి చెప్పాడు. "పద్నాలుగేళ్ళు పట్టిందాండీ సార్," అంది. స్టోరు రూములోంచి మిషను తీయించి, దుమ్ము దులిపించి, ఆదివారం పొద్దున్న రమ్మంది.

ఆదివారం ల్యాబులో వాళ్ళు ముగ్గురే ఉన్నారు. సువర్చల పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఎందుకని ఆయన అడగలేదు. కూతుర్ని చూడటానికి వచ్చిందని ఆయనకి తెలుసు. ఎస్తేరు టోపీ సర్ది, లావుపాటి నోటుబుక్కు ఒకటి సోమశేఖరం చేతిలో పెట్టింది.

"పేర్లు మీరే చదవాలండి సార్. ఆనాడు తీసింది మీ గొంతే."

పుస్తకం తెరిచాడు. పేర్లు మాత్రమే ఉంటాయనుకున్నాడు. ప్రతి పేరు పక్కనా, సువర్చల చెప్పింది చెప్పినట్టే, ఎస్తేరు గుండ్రటి అక్షరాల్లో రెండు మూడు వాక్యాలు రాసి పెట్టింది. ఆయన పేరు అందుకుని మిషను దగ్గరికి పరిగెత్తిన ఆ ఏడు వారాలూ, సువర్చల చెప్పిందంతా కూర్చుని విన్న మనిషి ఎస్తేరే.

"పక్కన రాసింది కూడా చదవండి," అంది.

చదవడం మొదలుపెట్టాడు. "పోలమ్మ. ఆ రోజు చీపురు పట్టుకుని ఇల్లంతా ఊడ్చి, కూలి ఇమ్మని చెయ్యి చాపింది. అప్పడం ఇస్తే తీసుకుంది. సామర్లకోట. పొద్దున్నించీ కూత వేస్తూనే ఉంది. అన్నం తినమంటే బండి ఇక్కడ ఆగదంది. రుక్సానా. గాజులమ్మే ఆవిడ కూతురి పేరు. ఆ పిల్ల ఊరెళ్ళిపోయిందని బెంగపెట్టుకుని, తనే ఆ పేరు పెట్టుకుంది. అన్నవరం. రోజంతా కొండెక్కుతున్నట్టు నడిచింది."

తెర మీద వెలుగు రాలేదు. ఎస్తేరు తాకిడి ఇస్తోంది, తెర వైపు చూస్తోంది, మళ్ళీ ఇస్తోంది. పది పేర్లయ్యాయి. ముప్ఫై అయ్యాయి. సువర్చల కళ్ళు మూసుకుని, చెవులు రిక్కించి వింటోంది. ఎంత కష్టపడి వింటోందో ఆమె నుదురు చూస్తే తెలుస్తోంది. సోమశేఖరం పేజీ తిప్పాడు. ఒక్కో వాక్యమూ తను ఇంట్లో లేని ఒక రోజు. తొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఈ పిల్లని ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. ఆయనకి తెలిసింది సీతారత్నం, బళ్ళో రెండో ర్యాంకు, అంతే.

మధ్యాహ్నానికి నూట ఎనభైకి చేరారు. పేజీ తిప్పి తరవాతి పేరు చూసి ఆగిపోయాడు. చూసింది నమ్మలేక ఎస్తేరు వైపు తిరిగాడు.

"ఆ వారం మీరు ఢిల్లీ సభకి వెళ్ళారండి," అంది ఎస్తేరు. "సడలించమని మీరు చెప్పి వెళ్ళిన ప్రకారం అప్పటి పేర్లు మాత్రం నేనే చేశాను. మీ దగ్గర దాచలేదు సార్. మీరెప్పుడూ ఈ పుస్తకం అడగలేదు."

ఆయన చదివాడు. "సోమశేఖరం. నాన్న ఊళ్ళో లేడు, ఇంట్లో నాన్న ఉండాలని ఆ రోజు ఆ పేరు పెట్టుకుంది. పాత కళ్ళజోడు పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుంది. ఆడుకుందువుగాని రా అంటే, నాకు పనుంది అంది. ఆయన పేరు నేను నోటితో అన్నది ఆ ఒక్క రోజే. సాయంత్రానికి పాపకి విసుగొచ్చేసి, ఈ పేరు బాగోలేదమ్మా, ఇది పెట్టుకుంటే నీతో మాట్లాడ్డానికి కుదరట్లేదు అంది."

పుస్తకం ఆయన ఒళ్ళోంచి జారి పడింది. ఆసుపత్రి వరండాలో రాని ఏడుపు, శ్మశానంలో రాని ఏడుపు, పద్నాలుగేళ్ళలో ఎప్పుడూ రాని ఏడుపు వచ్చింది. అరవై దాటిన మనిషి వెక్కివెక్కి ఏడ్చాడు. "రత్నా," అన్నాడు. ఆ పిలుపు కూడా ఆ పిల్లది కాదని గుర్తొచ్చి ఇంకా ఏడ్చాడు. ఏ పేరు పెట్టి పిలవాలో ఆయనకి తెలియలేదు.

సువర్చల టోపీ తీసి పక్కన పెట్టింది. లేచి వచ్చి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. తెర మీద ఇప్పటికీ ఏ వెలుగూ లేదు. ఎస్తేరు ఆశగా ఒకసారి అటు చూసి, చూపు తిప్పుకుంది.

"ఊరుకోండి, ఊరుకోండి," అంటూ సువర్చల పట్టుచీర కొంగుతో ఆయన మొహం తుడిచింది. ఆమె కళ్ళలో నిజంగానే జాలి ఉంది. అయినవాళ్ళు పోయిన ఇంటికి పలకరింపుకి వెళ్ళినప్పుడు మంచి మనసున్న ఎవరికైనా ఉండే జాలి అది. కిందపడ్డ పుస్తకం తీసి, దుమ్ము దులిపి, ఆయన చేతిలో పెట్టింది.

"ఎంత ముద్దొచ్చే పిల్లండీ," అంది. "చూసుంటే నేను కూడా వదిలిపెట్టేదాన్ని కాదు. ఇంకా ఏమేం చేసేదో చదవండి, వింటాను."